బాండేజి లాబు వెనక తలుపు

తమిళనాట రాజపాళయంలో గోమతి అనే పేరుగలవాళ్లు వీధికి ఒకరు దొరుకుతారు. పంజు మార్కెట్, అంటే దూది మార్కెట్, పక్కకు వచ్చి గోమతి ఇల్లు యాడ అని అడిగితే, "ఎవురు, బయపడే గోమతా?" అని తిరిగి అడుగుతారు. ఆ మాట ఆమెకు ఇంటిపేరు మాదిరి అతుక్కొని పోయింది. ఆమె దానికి కోపపడింది లేదు. అబద్ధం కాదు కదా అని ఊరుకుండేది.

గ్యాసు మూసి, వీధి మలుపు దాకా పోయి, మళ్లీ ఇంటికి వచ్చి గ్యాసు మూసినానా అని చూసుకొనేది. బస్సెక్కితే ఎమర్జెన్సీ కిటికీ పక్కన సీటు ఖాళీ ఉండాదా అని వెతికేది. లేకుంటే ఆ సీటులో ఉండేవాళ్లను బతిమాలి మార్పించుకొనేది. పెండ్లికి పోతే అందరూ పెండ్లికూతురి చీర చూస్తే, ఈమె మంటపంలో బయటికి దారులు ఎన్ని, వాటికి అడ్డంగా కుర్చీలు వేసినారా అని చూసేది. ఎవరింటికి పోయినా మాట్లాడతా మాట్లాడతానే లేచి పోయి, స్విచ్చిబోర్డు మీద చేతి వెనకవైపు ఆనించి వేడిగా ఉండాదేమో చూసి వచ్చి కూర్చొనేది. ఇంటివాళ్లు ఏమీ అనుకోకుండా కాఫీ ఇచ్చేవాళ్లు. ఆమె మొగుడు కన్నన్‌కు తెన్‌కాశి రోడ్డులో టూవీలర్ సామాన్ల అంగడి ఉండాది. "మా ఇంటిదాంతో సినిమాకు పోతే మాకెప్పుడూ తలుపు పక్క సీట్లే. లోపలికి వచ్చేవాళ్లందరూ మా కాళ్లు తొక్కే పోతారు. నేను సగం సినిమాలు కాళ్లు ముడుచుకొని చూసినాను" అని స్నేహితుల దగ్గర చెప్పి నవ్వేవాడు.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. గోమతి పుట్టింది సేత్తూరులో. వాళ్ల నాయన వేంకటసుబ్రహ్మణ్య రాజా అక్కడ పత్తిలో గింజలు తీసే ఒక జిన్నింగ్ షెడ్డులో మేస్త్రీ. గోమతి చిన్నపిల్లగా ఉండేటప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నాయనకు అన్నం తీసుకొని పోయింది. నాయన తింటా ఉండాడు, ఈమె దూదికుప్ప మీద ఎగురుతా ఉండాది. దూదిలో నిప్పు పడితే మంట కనపడదు, లోపల్లోపలే తింటా పోతుంది. ఆ పొద్దు వాకిలి పక్కనుండే కుప్ప ఉన్నట్టుండి భగ్గుమనింది. వాకిలి ఒకటే. నాయన అన్నం చెయ్యితోనే కూతురిని భుజాన వేసుకొని, వెనకపక్క తడికను కాలితో తన్ని చీల్చి, ఆ సందులోనించి బయట పడినాడు. ఎవరికీ ఏమీ కాలేదు. టిఫన్ క్యారియర్ ఒకటి పోయింది, అంతే. నాయన ఆ సంగతిని తమాషాగా చెప్పేవాడు. కూతురికి మాత్రం ఆ తడిక చీలిన చప్పుడు మనసులోనించి పోలేదు.

అట్లాంటి ఆమె కెమిస్ట్రీ చదివి, ఆసిడ్లూ స్పిరిట్లూ నిండిన లాబులో ఉద్యోగానికి పోయిందంటే ఎవరూ నమ్మలేదు. "బయం ఉండేవాళ్లే జాగ్రత్తగా పని చేస్తారు" అని కన్నన్ అన్నాడు. అనినాక, ఇరవై ఏండ్లు ఆమె ఆ లాబులోనే పని చేసింది.

ఊళ్లో మిల్లులవాళ్లు కొందరు కలిసి పెట్టిన పరిశోధనశాల అది. దాని పేరు బోర్డు మీద రెండు వరసలుంటుంది గాని, అందరూ బాండేజి లాబు అనే పిలుస్తారు. ఆస్పత్రులకు పోయే గాజుగుడ్డ, దూది, గాయాలకు వేసే కట్లు అక్కడ పరీక్ష చేస్తారు. గుడ్డ ఎంత తొందరగా నీళ్లు తాగుతుంది, నీళ్లలో వేస్తే ఎంతసేపటికి మునుగుతుంది, ఆసిడ్లో ఏమవుతుంది, ఇట్లాంటి పనులు. పైన ఉండేది రఘురామ రాజా. మంచి మనిషి, మేధావి. పని మొదలుపెడితే టైము తెలియదు. సాయంత్రం అందరూ సంచులు తగిలించుకొనేటప్పుడు, "అయిదే నిమిషాలమ్మా, ఇంకొక టెస్టు" అనేవాడు. ఆ అయిదు నిమిషాలు ఎప్పుడు ముగిసేవో ఇంట్లో కాచుకొనుండేవాళ్లకే తెలుసు.

ఆ ఏడు రఘురామ రాజాకు ఒక పెద్ద అవకాశం వచ్చింది. కాలిన గాయాలకు అంటుకోకుండా ఊడి వచ్చే కట్టు ఒకటి ఆయన కనిపెడతా ఉండాడు. దానికి ఢిల్లీ నించి సాయం వచ్చేటట్టు ఉండాది. కాని ముందు లాబులో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కావల్ల. దానికి లాబులో సేఫ్టీ ఆఫీసర్ అని ఒకరు ఉండి తీరవల్ల.

రఘురామ రాజా మీటింగు పెట్టి అడిగినాడు: "ఎవురు చేస్తారు?"

ఎవరూ తలెత్తలేదు. అప్పుడు దర్శిని అనే పిల్ల, కొత్తగా చేరిన పరిశోధకురాలు, చిన్నగా అనింది: "గోమతక్కకన్నా బయపడేవాళ్లు మనకు యాడ దొరుకుతారు సార్?"

అందరూ నవ్వినారు. రఘురామ రాజా కూడా నవ్వి, "సరి, అట్లే కానీ" అన్నాడు. గోమతి నవ్వలేదు. ఆమె అప్పటికే లేచి, గోడకుండే మంట ఆర్పే సిలిండరు దగ్గరికి పోయి, దాని మీద తేదీ చదవతా ఉండాది. అది దర్శిని పదో తరగతి చదివేటప్పటిది.

మరుసటి దినం నించి లాబులో ఎవరికీ నెమ్మది లేకుండా పోయింది. ఇన్ని దినాలు తన ఇంటి గ్యాసు, పక్కింటి స్విచ్చి అని చిల్లరగా ఖర్చయిపోతా ఉండిన భయానికి ఇప్పుడు ఒక ఉద్యోగం దొరికింది. దుస్తులు ఆరేసే కొక్కెంగా అందరూ వాడుతా ఉండిన గొలుసు నిజానికి ఎమర్జెన్సీ షవరుది అని ఆమె కనుక్కొనింది. మీద ఆసిడ్ పడితే దాని కింద నిలబడి గొలుసు లాగితే తలమీదినించి నీళ్లు పడతాయి. దానికి ఇద్దరి కోట్లు, ఒక గొడుగు తగిలించి ఉండాయి. రసాయనాల ఫ్రిజ్ తెరిస్తే, స్పిరిట్ సీసాల నడుమ పెరుగన్నం డబ్బా, నిమ్మకాయ ఊరగాయ, మూరెడు మల్లెపూలు. వేడి గాలి ఓవెన్‌లో గుడ్డముక్కల కింద పళ్లెంలో మజ్జిగ మెరపకాయలు ఎండతా ఉండాయి.

"ఇవి ఎవురివి?" అని అడిగింది.

కొంచెంసేపటికి ఆమెకే గుర్తొచ్చింది. అవి ఆమెవే. పోయిన వారం వానలు పట్టుకొని ఇంట్లో ఎండక, ఒక్క దినానికని తెచ్చి పెట్టి మరిచిపోయింది. ఎర్రబడిన మొగంతో ఆ పళ్లేన్ని సంచిలో పెట్టుకొనింది. దర్శిని కిటికీ వైపు తిరిగి దగ్గింది. ఆ దగ్గు చానాసేపు ఆగలేదు.

ఆ అవమానంతో గోమతి ఇంకా కఠినమైపోయింది. పేరు రాయని సీసా ఏది కనపడినా దానికి పుర్రె బొమ్మ అంటించి, టేపు చుట్టి, పారేసే పెట్టెలో పెట్టేసింది. రెండు దినాలైనాక రఘురామ రాజా బీరువాలు తెరుస్తా, మూస్తా, కిందికి వంగి చూస్తా తిరుగుతా ఉంటే అడిగింది: "ఏమి వెతుకుతా ఉండారు సార్?"

"ఏమీ లేదమ్మా. ఒక గాజుసీసా. గోధుమరంగు పొడి."

"అది ఏమి కాంపౌండు సార్?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించినాడు. "జీలకర్ర, శొంఠి. మా ఇంటామె చేసిచ్చింది. తింటే గాని నాకు మధ్యాహ్నం అన్నం అరగదు."

గోమతి పెట్టెలోనించి సీసా తీసింది. దాని మీద పుర్రె, కింద ఎర్రటి అక్షరాలతో "తాకరాదు". ఆయన చానాసేపు దాన్ని చూసి, పుర్రెను గోటితో గీకి చూసినాడు. రాలేదు. ఆ మధ్యాహ్నం పుర్రె సీసాలోనించి చెంచాడు పొడి నోట్లో వేసుకొంటా ఉంటే, గుడ్డ శాంపిల్ తెచ్చిన మిల్లు మనిషి ఒకడు చూసి వాకిట్లోనే నిలబడిపోయినాడు.

ఇవంతా చిల్లర సంగతులు. పెద్ద సంగతి వెనక తలుపు.

లాబుకు రెండు దారులు కావల్లని రూలు. కట్టినప్పటి ప్లానులో వెనకపక్క ఒక తలుపు ఉండాది. అది యాడ అని చూస్తే, పాత గుడ్డల శాంపిల్స్ నిండిన ఇనప బీరో ఒకటి గోడకు ఆనుకొని నిలబడి ఉండాది. దాన్ని జరిపిన పాపాన ఎవరూ పోలేదు. లాబు ఎలక్ట్రీషియన్ కుమారేశన్, ఇంకొక ఇద్దరు కలిసి దాన్ని తోస్తే, వెనక నిజంగానే తలుపు కనపడింది. గడియ తుప్పు పట్టి గోడలో కలిసిపోయి ఉండాది. కుమారేశన్ నూనె పోసి, సుత్తితో కొట్టి గడియ వూడదీసినాడు. తలుపు బయటికి తెరుచుకోవల్ల. తోస్తే రాలేదు. అవతలినించి ఏదో ఆపుతా ఉండాది.

"అందరూ కలిసి తోయండి" అనింది గోమతి.

తోసినారు. అవతల పెద్ద చప్పుడైంది. మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని ఏవో దొర్లుతా పడిన చప్పుడు. తలుపు తెరుచుకొనింది. గోమతి కాళ్ల దగ్గరికి ఒక పచ్చ ప్లాస్టిక్ బిందె దొర్లుకొంటా వచ్చి ఆగింది.

ఎదురుగా రంగురంగుల బిందెలు, బకెట్లు, మగ్గులు, చాటలు, వరసగా వేలాడే చీపుర్లు. వాటి నడుమ ఒక పెద్దామె తుడిచే కర్రను రెండు చేతులతో పట్టుకొని, కొట్టేదానికి సిద్ధంగా నిలబడి ఉండాది. వాసవమ్మ.

ఆ అంగడి గోమతికి బాగా తెలుసు. అటుపక్క సందులో, శెట్లవాళ్ల ప్లాస్టిక్ సామాన్ల అంగడి. లాబు నించి పోవల్లంటే రెండు వీధులు చుట్టి పోవల్ల. ఇన్నేండ్లు అట్లే చుట్టి పోయి బకెట్లు కొని, చుట్టి ఇంటికి పోయింది. అంగడి వెనకగోడకు కొట్టిన మేకులన్నీ తమ లాబు తలుపుకే కొట్టినవని ఆమెకు ఈ దినం దాకా తెలియదు. వాసవమ్మకూ తెలియదు.

వాసవమ్మ కర్ర దించలేదు. "గోమతీ, నువ్వా? గోడలోనించి ఎట్ల వచ్చినావమ్మా?"

"ఇది గోడ కాదు పెద్దమ్మా. తలుపు."

"తలుపా? మా మామ అంగడి పెట్టిననాటి నించి ఇది గోడే కదా."

"మాకూ ఇది బీరోనే. ఈ పొద్దే తలుపయింది."

వాసవమ్మ తల వంచి, గోమతి భుజం మీదుగా లోపల ఉండే గాజుసీసాలు, బల్లలు, తెల్లకోట్లు చూసింది. మెల్లగా కర్ర కిందికి దించింది. "మీ లోపల రొంబ చల్లగా ఉండాదే. ఏసీనా?" అని అడిగింది.

బిందెలు ఏరి పెట్టేటప్పుడు అందరూ కలిసి ఏరినారు. కాని ఆ సాయంత్రం రఘురామ రాజా పాత కాగితాలు తిరగేస్తే, ఆ అంగడి ఉండే జాగా లాబుదే అని తేలింది. మొదటి మిల్లు యజమాని నోటిమాటగా వాసవమ్మ మామకు ఇచ్చినాడంట. నోటిమాట ఇచ్చినాయన లేడు, తీసుకొన్నాయనా లేడు.

"నోటీసు ఇచ్చేద్దాము. ఇన్‌స్పెక్షన్ లోపల అంగడి తీసేస్తే మనకు దారి దొరుకుతుంది" అన్నాడు రఘురామ రాజా. చెడ్డ మనసుతో అనలేదు. ఆయనకు ఆ కట్టు తప్ప వేరే ధ్యాస లేదు.

ఇరవై ఏండ్లలో గోమతి పైవాళ్ల మాటకు ఎదురు చెప్పింది లేదు. అది కూడా భయమే. స్విచ్చిబోర్డు భయం, బస్సు భయం మాదిరి ఇది ఒకటి. చేతులు కోటు జేబుల్లో పెట్టుకొనింది.

"వద్దు సార్."

"ఏమి వద్దు?"

"నోటీసు. దారి కావల్లంటే మనుషులు పోయేదానికి జాగా ఉంటే చాలు. అంగడిని తీసేయమని రూల్లో లేదు. నేను చదివినాను." ఊపిరి పీల్చుకొని మళ్లీ చెప్పింది: "సేత్తూరులో దూది షెడ్డు అంటుకొన్నప్పుడు మా నాయన నన్ను ఎత్తుకొని వెనక తడిక చీల్చి బయట పడినాడు. ఆ తడిక అవతల ఒకాయన ఇంటి కళ్లం, ఒక గడ్డివాము ఉండాది. ఆయన వాకిట్లోనే నన్ను పడుకోబెట్టి నీళ్లిచ్చినారు. బయట పడేదానికి దారి ఒకటే ఉంటే చాలదు సార్. ఆ దారి చివర ఎవరైనా ఉండల్ల."

రఘురామ రాజా పుర్రె సీసా తీసి, కొంచెం పొడి నోట్లో వేసుకొని, నమిలినాడు. "మీరే చూసుకోండి, అయితే" అన్నాడు.

అనినాడు గాని, చూసుకొనేది సులభం కాలేదు. వాసవమ్మ మంచామె, మాటిచ్చింది, అంగడి నడుమ తలుపు నించి సందు దాకా మనిషి చేతులు చాపుకొని పోయేటంత దారి వదిలింది. నేల మీద పసుపు రంగు పెయింటు కొట్టించింది. మరుసటి దినం గోమతి తలుపు తెరిచి చూస్తే, ఆ పసుపు గీతల నడుమ వరసగా గులాబీ రంగు టబ్బులు.

"పెద్దమ్మా."

"చూసేదానికి పెట్టినానమ్మా. దారిలో ఉంటేనే కదా జనం చూస్తారు."

టబ్బులు తీసినారు. ఆపై దినం స్టూళ్లు. స్టూళ్లు తీస్తే, "ఇవి నేల మీద లేవు కదా" అని పైనించి తాడు కట్టి చాటలు వేలాడదీసింది. దర్శిని పొడుగు పిల్ల. తల తగిలి చాటలన్నీ టపటపమనినాయి. ప్రతి దినం పొద్దున లాబు తెరవగానే గోమతి చేసే మొదటి పని వెనక తలుపు తెరిచి అంగడి చూసేది. వాసవమ్మ చేసే మొదటి పని ఆమె వచ్చే లోపల సామాన్లు ఎంతవరకు జరపొచ్చో చూసేది. ఇద్దరూ అరగంట వాదించి, కాఫీ తాగి, విడిపోయేవాళ్లు. వారం తిరిగేసరికి, గోమతి రాకుంటే వాసవమ్మే తలుపు తట్టి, "ఏమి, ఈ పొద్దు చూడవా? ఆరోగ్యం బాగలేదా?" అని అడిగేది.

"నాకు ఇట్ల చెప్పేవాళ్లు ఇంట్లో ఎవురూ లేరమ్మా" అని ఒక దినం అనింది వాసవమ్మ, కాఫీ గ్లాసు కడగతా. "నా కోడలు ధన్య నేను ఏమి చేసినా సరి అత్తా, సరి అత్తా అంటుంది. సరి అంటే వాదం ఎట్ల నడుస్తుంది?"

ఇన్‌స్పెక్షన్ దినం వచ్చింది. వచ్చినాయన పేరు మహేంద్రన్. సన్నగా, పొడుగ్గా, చంకలో కాగితాలు గుచ్చిన ఒక అట్టతో, మధురై పక్కనించి వచ్చినాడు. నవ్వడు, కోపపడడు. ప్రతిదాని ముందర నిలబడతాడు, చూస్తాడు, "ఊఁ" అంటాడు, రాసుకొంటాడు. ఆ "ఊఁ" మంచిదా చెడ్డదా ఎవరికీ తెలియలేదు. కాఫీ ఇస్తే దాన్నీ చూసి "ఊఁ" అని తాగినాడు.

సీసాలు చూసినాడు. ఆసిడ్ బీరువా చూసినాడు. మంట ఆర్పే కొత్త సిలిండర్లు చూసినాడు. ఫ్రిజ్ తెరిచినాడు. తెరిస్తే లోపల ఆకులో చుట్టిన మల్లెపూలు. పొద్దున దర్శిని చెయ్యి అలవాటుగా పెట్టేసింది. ఫ్రిజ్ నిండా వాసన. దర్శిని మొగం మల్లెపువ్వు మాదిరే తెల్లగా అయిపోయింది.

"ఇది ఏమి శాంపిల్?" అని తమిళంలో అడిగినాడు మహేంద్రన్.

గోమతి అబద్ధం చెప్పేదానికి కూడా భయపడుతుంది. "పూలు సార్. తప్పు. ఉండకూడదు" అనింది.

"ఊఁ" అని రాసుకొన్నాడు.

ఆ తర్వాత షవరు దగ్గర నిలబడినాడు. "ఇది పని చేస్తుందా?"

చేస్తుందనే చెప్పింది. అంతకుముందే పరీక్ష చేసింది కూడా. కింద బకెట్టు పట్టుకొని, గొలుసును కొంచెం, జానెడు కూడా కాదు, మెల్లగా లాగి, చెంబెడు నీళ్లు పడగానే వదిలేసింది. పూర్తిగా లాగేదానికి భయపడింది, నీళ్లన్నీ పోతాయని.

"లాగండి" అన్నాడు మహేంద్రన్. "పూర్తిగా."

గోమతి లాగింది. పైన ఏదో టక్కుమనింది. ఆపై ఆకాశం తెగినట్టు నీళ్లు. గొలుసు వదిలింది, నీళ్లు ఆగలేదు. మళ్లీ లాగింది, ఆగలేదు. పైన వాల్వు అట్లే పట్టుకొని పోయింది. ఎన్నో ఏండ్ల తుప్పంతా ఎర్రగా మొదట పడింది, తర్వాత తెల్లటి నీళ్లు. మహేంద్రన్ అట్ట తల మీద పెట్టుకొని వెనక్కు జరిగినాడు. షవరు పెట్టినవాళ్లు నీళ్లు పోయేదానికి తూము పెట్టలేదు. నీళ్లు నేలంతా పరుచుకొని, బల్లల కిందికి పాకుతా ఉండాయి.

ఒక బల్ల కింద, నేల మీద, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండాది. వద్దని గోమతి ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, కొత్త కట్టు ఎట్ల పని చేస్తుందో మహేంద్రన్‌కు చూపించల్లని రఘురామ రాజా పొద్దున్నే తెచ్చి పెట్టి, దానికి మూడు మెషిన్లు తగిలించినాడు. నీళ్లు దానివైపే పోతా ఉండాయి. రఘురామ రాజా కూడా చూసినాడు. దాన్ని ఎత్తేదానికి వంగినాడు.

"తాకొద్దు."

ఆ గొంతు ఎవరిదని అందరూ తిరిగి చూసినారు. ఇన్నేండ్లలో ఆ లాబులో ఆ గొంతు ఎవరూ విన్నది లేదు. రఘురామ రాజా వంగినవాడు వంగినట్టే నిలిచిపోయినాడు. గోమతి అప్పటికే గోడ దగ్గర ఉండాది. మెయిన్ స్విచ్చి కిందికి కొట్టింది. దీపాలు ఆరినాయి, మెషిన్ల రొద ఆగింది, నీళ్ల చప్పుడొకటే మిగిలింది.

"అందరూ వెనక తలుపు నించి బయటికి. పరుగెత్తొద్దు. సార్, మీరూ. దర్శినీ, పూలు తరువాత. కుమారేశన్, బయటికి పోయి మేడ మీద ట్యాంకు మూసేయి."

అందరూ వరసగా వెనక తలుపు గుండా, పసుపు గీతల నడుమ, బిందెల గోపురాల మధ్య నడిచినారు. ముందు దర్శిని, వెనక రఘురామ రాజా, ఆయన వెనక తల మీద అట్ట పెట్టుకొన్న మహేంద్రన్. చివర గోమతి, వెనక్కు తిరిగి ఎవరైనా మిగిలినారా చూసుకొంటా. ఆ దినం వాసవమ్మ దారిలో ఒక్క మగ్గు కూడా పెట్టలేదు. నీళ్లు మాత్రం వాళ్ల వెనకే, దారి తెలిసినట్టు, అంగడిలోకి వచ్చినాయి.

వాసవమ్మ లేచి చూసింది. నీళ్లు చూసింది, తడిసిన పొడుగాయన్ను చూసింది. ఏమైందని అడగలేదు. పైనించి కొత్త తుడిచే కర్రలు తీసి, చుట్టిన కాగితం చించి, అందరి చేతికీ ఒక్కొక్కటి ఇచ్చింది. అలవాటుగా మహేంద్రన్ చేతికీ ఒకటి ఇచ్చింది. ఆయన దాన్ని చూసి "ఊఁ" అన్నాడు. ఆపై ప్యాంటు మడుచుకొని, నీళ్లను సందువైపు తోయడం మొదలుపెట్టినాడు. బాగానే తోసినాడు, ఇంట్లో చేసే అలవాటు ఉన్నట్టుండాది.

కుమారేశన్ ట్యాంకు మూసినాక, అందరూ బోర్లించిన బకెట్ల మీద కూర్చొన్నారు. కోడలు ధన్య కాఫీ తెచ్చింది. గోమతికి అప్పుడు కన్నీళ్లు వచ్చినాయి. ఇన్ని దినాల పని నీళ్లలో పోయిందని అనుకొనింది.

మహేంద్రన్ అట్టలోని తడిసిన కాగితాలు విప్పి, ఆరేదానికి ఒక టబ్బు మీద పరిచినాడు. "నేను చివర ఎట్లాగూ ఒక డ్రిల్లు అడుగుతాను. మామూలుగా గంట మోగిస్తారు, అందరూ నవ్వతా బయటికి పోతారు, ఒకరు ఫోన్ మరిచిపోయినానని మళ్లీ లోపలికి పోతారు" అన్నాడు. "ఈ పొద్దు ఎవురూ నవ్వలేదు. ఎవురూ లోపలికి పోలేదు. నాకు డ్రిల్లు చూసినట్టే."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడింది అదే మొదలు. ఆ వెనకే అందరి సంతోషాన్నీ కింద పడేసినాడు. తూము పెట్టల్ల. వాల్వు మార్చల్ల. నేల మీద కరెంటు పెట్టె ఇంకెప్పుడూ ఉండకూడదు అని రఘురామ రాజాను చూసి చెప్పినాడు. పూలు. ఇవన్నీ అయినాక, అంగడి చుట్టూ చూసి, "ఈ దారి బాగుంది. కాని అంగడి షట్టరు మూసేస్తే ఈ దారి దారి కాదు. గోడే" అన్నాడు.

దాన్ని ఎవరూ ఆలోచించలేదు. గోమతి కూడా ఆలోచించలేదు. అందరూ వాసవమ్మను చూసినారు.

"నేను ఏడున్నరకు మూసేస్తాను" అనింది వాసవమ్మ. "బీగంచెవి ఎవురికీ ఇచ్చేది లేదు. నా కోడలికే ఇయ్యలేదు."

"అయితే ఏడున్నర తరువాత లాబులో ఎవురూ ఉండకూడదు" అన్నాడు మహేంద్రన్. అది కూడా రాసేసినాడు.

రఘురామ రాజా చేతి గడియారం చూసుకొన్నాడు. బకెట్టు మీద కూర్చొన్న దర్శిని మొగం తిప్పుకొని దగ్గింది.

లాబు పాసయింది. తూము వచ్చింది, వాల్వు వచ్చింది, ఢిల్లీ సాయమూ వచ్చింది. రఘురామ రాజా కట్టు ఇప్పుడు ఆస్పత్రుల్లో పరీక్షకు పోయి ఉండాది. గోమతి భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. లాబు పాసయిన రాత్రి కన్నన్ "ఇంక బయం తీరిందా?" అని అడిగితే, "తీరే సంగతా ఇది? ఇప్పుడు దానికి ఐడీ కార్డు కూడా ఇచ్చినారు" అని చెప్పి, లేచి గ్యాసు చూసి వచ్చింది. ఆ మధ్య ఒకసారి ఇద్దరూ సినిమాకు పోతే, తలుపు పక్క సీట్లు దొరకలేదు. కన్నన్ వెనక్కు తిరిగి పోదామా అన్నాడు. గోమతి నడుమ సీటులోనే కూర్చొనింది. సినిమా ఏమిటో అడిగితే ఆమెకు గుర్తులేదు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయని మాత్రం చెప్పింది.

లాబులో సాయంత్రాలు మారిపోయినాయి. ఏడున్నర కాగానే వెనక తలుపు మీద చీపురుకట్టతో కొట్టిన చప్పుడు వినపడుతుంది. "మూస్తా ఉండాను, బయటికి రండి" అంటుంది వాసవమ్మ అవతలినించి. అందరూ సంచులు తగిలించుకొంటారు. రఘురామ రాజా గుడ్డముక్కను నీళ్లలో పట్టుకొని, "అయిదే నిమిషాలు పెద్దమ్మా" అని గోడను బతిమాలతాడు.

"మీ అయిదు నిమిషాలు నాకు చెప్పినారు సార్" అంటుంది గోడ.

గోమతి వచ్చి, ఆయన మెషిన్ ప్లగ్గు పీకి, దాని మీద చేతి వెనకవైపు ఆనించి చూసి, చల్లగానే ఉండాది అని తృప్తిపడి, దీపం ఆర్పుతుంది.